మామయ్య మార్స్ విమానంలో నీళ్ల ట్యాంకు: కోతల లెక్కతో సహా ప్రాజెక్టు డైరీ

కొత్తగా మోడల్ కట్టుకునేవాళ్లకు ఇందులో సగం అవసరం పడదు. ఎవరో ఎప్పుడో ప్రాణం పెట్టి కట్టిన పాత మోడల్ చేతికొచ్చి, దాన్ని పాడుచేయకుండా నీళ్లు జారవిడిచే విమానంగా మార్చాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నా. నేను ఎక్కడెక్కడ బోల్తా పడ్డానో అన్నీ ఉన్నాయి, కొలతలతో సహా.

మోడల్ మా మామయ్యది. మార్టిన్ మార్స్ అనే పెద్ద సముద్ర విమానానికి రిమోట్‌తో ఎగిరే నమూనా, 1:25 స్కేలు, ముప్పై ఏళ్ల క్రితం బాల్సా అనే తేలిక చెక్క, ప్లైవుడ్‌తో కట్టాడు. రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు 2.44 మీటర్లు. అమెరికా నేవీ ముదురు నీలం రంగు. ఇచ్చేటప్పుడు రెండే షరతులు పెట్టాడు: "ఒరేయ్, అడుగు మాత్రం కొయ్యకు. నేను అడిగిన రోజు గంటలో మళ్ళీ పాత విమానం చేసి చూపించాలి." అందుకే ఈ డైరీలో బరువుతో పాటు ఇంకో లెక్క కూడా నడుస్తుంది, కోతల లెక్క. పాత చెక్కలో నేను కొత్తగా చేసిన ప్రతి కోత, ప్రతి రంధ్రం అందులోకి వస్తుంది.

దశ 0: అంకెలు

అసలు మార్స్ రెక్క 200 అడుగులు, నాలుగు ఇంజన్లు. ప్రోటోటైప్‌తో కలిపి మొత్తం ఏడే కట్టారు. నేవీ 1956లో పక్కన పెట్టేసింది, 1959లో తుక్కు కింద అమ్మేసింది. మిగిలిన నాలుగింటిని కెనడాలో బ్రిటిష్ కొలంబియా కలప కంపెనీలు కలిసి కొనుక్కున్నాయి. ఆ ఆలోచన డాన్ మెకైవర్ అనే పైలట్‌ది. అడవి మంటల మీద నీళ్లు పొయ్యడానికి అంత పెద్ద సముద్ర విమానం పనికొస్తుందని అందర్నీ ఒప్పించినవాడు ఆయనే.

1:25 స్కేలులో ఒక సుఖం ఉంది. 25కి వర్గమూలం 5. నీళ్లు, అలలు, గురుత్వాకర్షణ ఉన్నచోట పొడవును 25తో భాగిస్తే వేగాన్నీ సమయాన్నీ 5తో భాగించాలి, బరువునూ ఘనపరిమాణాన్నీ 15,625తో. నోటి లెక్కలో తేలిపోతుంది.

1. నీళ్లు: అసలు విమానంలో 27,276 లీటర్లు. మోడల్‌కు 1.75 లీటర్లు.
2. నిండు బరువు: 74.8 టన్నులు. మోడల్‌కు 4.79 కిలోలు.
3. సరస్సు మీద పరిగెడుతూ నీళ్లు తోడుకునే వేగం: 70 నాట్లు, అంటే సెకనుకు 36 మీటర్లు. మోడల్‌కు 7.2 మీటర్లు.
4. ట్యాంకు నిండే సమయం: సుమారు 25 సెకన్లు. మోడల్‌కు 5 సెకన్లు.

కాగితం మీద అంతా బాగానే ఉంది. ఆ పూటే మోడల్‌ను తూచాను: మోటార్లు, స్పీడ్ కంట్రోలర్లు, రిసీవర్ అన్నీ కలిపి బ్యాటరీ లేకుండా 3.05 కిలోలు. అసలు విమానం ఖాళీ బరువును స్కేలు చేస్తే 2.2 కిలోలే రావాలి. అంటే మామయ్య చెక్క, ముప్పై ఏళ్లుగా పూతల మీద పూతలుగా వేసిన రంగు కలిసి 850 గ్రాములు ముందే తినేశాయి. 1.75 లీటర్ల కల అక్కడితో సరి. ఒక లీటరు నీళ్లతో సరిపెట్టుకున్నాను.

లెక్క: మోడల్ 3.05 + బ్యాటరీ 0.48 + నీళ్లు 1.00 = 4.53 కిలోలు. ట్యాంకుకు, తలుపులకు, గొట్టాలకు కలిపి మిగిలింది 260 గ్రాములు. కోతలు: 0.

దశ 1: ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టడం

ఇది బోరు కొట్టే పని, ఒక ఆదివారం మొత్తం పట్టింది. అయినా ఎగ్గొట్టొద్దు.

1. అన్ని వైపులా ఫొటోలు. ప్రతి ఫొటోలో ఒక స్టీల్ స్కేలు పెట్టాలి.
2. విప్పిన ప్రతి స్క్రూ విడిగా, నంబరు వేసిన చిన్న డబ్బాలో. మొత్తం 46.
3. సీజీ (బరువు కేంద్రం, విమానం సమంగా తూగే చోటు) ఎక్కడుందో గుర్తు. పెన్నుతో కాదు, పేపర్ టేపు మీద.
4. రెక్క మధ్య అతుకు, స్పార్ (రెక్క పొడవునా ఉండే దూలం) ఫొటోలు దగ్గర నుంచి, టార్చి లైటు పక్కనుంచి పడేలా. ఈ ఫొటోలే తర్వాత నన్ను కాపాడాయి.

పేపర్ టేపుతో ఒక తప్పు చేశాను. రెండు రోజులు అలాగే వదిలేసి పీకితే గోరంత నీలం రంగు దానితో పాటు లేచొచ్చింది. కోతల్లో ఇది లెక్కలోకి రాదని నాకు నేను చెప్పుకున్నాను గానీ మామయ్యకు మాత్రం చెప్పేశాను. పాత రంగు మీద టేపు అదే రోజు తీసెయ్యాలి, అదీ వెనక్కి మడిచి మెల్లగా లాగాలి.

దశ 2: ట్యాంకు, మొదటిది, రెండోది

అసలు మార్స్‌లో కూడా నీళ్ల ట్యాంకును సరుకుల అరలో ప్లైవుడ్‌తో కట్టి, పైన ఫైబర్‌గ్లాస్ పూశారు. నేనూ అదే దారి పట్టాను. 1.5 మి.మీ. ప్లైవుడ్‌తో పెట్టె కట్టేసి, ఆ తర్వాత లోపల బ్రష్షుతో ఎపాక్సీ జిగురు పూశాను. ఫలితం: బరువు 410 గ్రాములు, పైగా మూడు మూలల్లో కారుడు. పెట్టె మూసుకుపోయాక లోపలి మూలలకు బ్రష్షు సరిగా అందదు, అందినచోట ఎపాక్సీ గుంటలా నిలబడిపోతుంది. బరువంతా ఆ గుంటల్లోనే ఉంది.

రెండోసారి క్రమం తిరగేశాను.

1. 0.8 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు విడివిడిగా కోసుకోవడం.
2. ముక్కలు బల్ల మీద చదునుగా ఉండగానే లోపలి వైపు చదరపు మీటరుకు 25 గ్రాములు తూగే గ్లాస్ క్లాత్ (గాజు నార గుడ్డ), పల్చగా ఎపాక్సీ. పైన ప్లాస్టిక్ షీటు పరిచి పాత ఏటీఎం కార్డుతో గీకి, ఎక్కువైంది తీసెయ్యడం.
3. ఆరాక అతికించి, మూలల్లో ఎపాక్సీలో మైక్రోబెలూన్ పొడి (బోలు బుడగల సన్న పొడి) కలిపిన ముద్దను వేలితో రుద్దడం. చేతికి గ్లవ్స్ తప్పనిసరి.
4. అడ్డంగా రెండు అడ్డుగోడలు. కింది మూలల్లో చిన్న ఖాళీలు, నీళ్లు పారడానికి.

బరువు 128 గ్రాములు. అడ్డుగోడలు మొదట పెట్టలేదు, వాటి 18 గ్రాములు మిగుల్చుకుందామని లోభం. సగం నీళ్లు పోసి మోడల్‌ను చేతులతో అటూ ఇటూ వంచి చూశాను. నీళ్లు ఒక పక్కకు చేరితే మళ్ళీ సర్దుకోవడానికి రెండు సెకన్లు పట్టింది, ఆ రెండు సెకన్లూ రెక్క నా చేతిని కిందికి తోస్తూనే ఉంది. గాల్లో ఇదే జరిగితే కొంప మునిగేది. మూత విప్పి అడ్డుగోడలు పెట్టాను.

ట్యాంకు మధ్యభాగం సరిగ్గా సీజీ కింద ఉండాలి, నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా సీజీ కదలకూడదు. నాది 4 మి.మీ. ముందుకు పడింది. ట్యాంకు జరిపే చోటు లేక బ్యాటరీని వెనక్కి జరిపాను.

లెక్క: ట్యాంకు 128 గ్రాములు, మిగిలింది 132. కోతలు: 0.

దశ 3: తలుపులు, గాలి రంధ్రం

ఎక్కువ వారాలు ఇక్కడే పోయాయి.

అడుగు కొయ్యకూడదన్న షరతు విన్నప్పుడు మామయ్యది చాదస్తం అనుకున్నాను. తర్వాత అసలు విమానాన్ని ఎలా మార్చారో చదివితే, వాళ్లూ నీళ్లు వదిలే తలుపులు అడుగున కాదు, పొట్టకు రెండు పక్కలా పెట్టారు. నీటి విమానం అడుగంటే పడవ అడుగే కదా, గంటకు వంద కిలోమీటర్ల పైన నీటి మీద పరిగెడుతూ దెబ్బలు తినేది అదే, అక్కడ పెద్ద తలుపులు కోస్తే బలం పోతుంది, కారుడు మొదలవుతుంది. మోడల్‌కు పక్కల సరుకుల తలుపులు మామయ్య ముందే పెట్టి ఉంచాడు, తెరుచుకునేవి. ఆ రెండు తలుపులూ తీసి డబ్బాలో దాచి, వాటి చోటే నా తలుపులు బిగించాను. ఒక్కొక్కటి 40 × 25 మి.మీ., పైన బందు, బయటికి తెరుచుకుంటుంది.

మొదటి పరీక్ష, బకెట్ మీద. లీటరు నీళ్లు పోసి సర్వో (తలుపు తిప్పే చిన్న మోటారు) కొట్టాను. నీళ్లు సీసాలోంచి వచ్చినట్టు గుడగుడమంటూ వచ్చాయి, మొత్తం దిగడానికి 3.9 సెకన్లు. ఆపైన టప్పుమని చప్పుడు. చూస్తే ట్యాంకు మూత లోపలికి వంగి గ్లాస్ క్లాత్ చిట్లింది.

కారణం గాలి రంధ్రం. 4 మి.మీ. పెట్టాను. కిందకు నీళ్లు పోతుంటే పైనుంచి అంతే గాలి రావాలి, రాకపోతే ట్యాంకులో పీడనం పడిపోతుంది. నీటి లోతు 8 సెం.మీ., మూత వైశాల్యం 125 చదరపు సెం.మీ., అంటే ఎక్కువలో ఎక్కువగా మూత మీద కిలో బరువు పెట్టినట్టే. 0.8 మి.మీ. ప్లైవుడ్ ఆ కిలోను మోయలేదు. ఎవరైనా ఇది చేయబోతే ముందు గాలి రంధ్రం లెక్క కట్టండి, తలుపు సైజు తర్వాత.

కొత్త మూత, 16 మి.మీ. గాలి గొట్టం, పైకి తీసి రెక్క కింది నీడలో దాచాను. ఇప్పుడు 1.4 సెకన్లు.

ఈ 1.4 ఎలా కొలిచానో కూడా చెప్పాలి, అక్కడా ఒక వారం వృథా. ట్యాంకును వంటింటి తూకం మీద పెట్టి అంకెలు తగ్గడం వీడియో తీశాను. ఆ తూకం అంకె మార్చేది సెకనుకు రెండుసార్లు. 1.4 సెకన్ల పనిని అలాంటి తూకంతో ఏం కొలుస్తాం. తర్వాత ట్యాంకు పక్కన పారదర్శక ప్లాస్టిక్ కిటికీ పెట్టి, 2 సెం.మీ.కొక గీత గీసి, ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీసి ఫ్రేములు లెక్కపెట్టాను:

1. 8 నుంచి 6 సెం.మీ.: 45 ఫ్రేములు
2. 6 నుంచి 4: 53
3. 4 నుంచి 2: 70
4. 2 నుంచి 0: 168

మొత్తం 336 ఫ్రేములు. నీటి మట్టం తగ్గేకొద్దీ ప్రవాహం ఎంత మందగిస్తోందో చూడండి. వేగం లోతు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది, లోతు నాలుగో వంతుకు పడితే ప్రవాహం సగం. నేల మీద దీని ఫలితం: మొదట్లో గుంట పడేంత నీళ్లు, చివర్లో తుంపర్లు. మంట దగ్గర ఇది పెద్ద లోపం, పల్చబడినచోట నిప్పు గీత దాటి అవతలికి పోతుంది. డీసీ-10 లాంటి పెద్ద జెట్ ట్యాంకర్లలో దీనికి మందు కనిపెట్టారు: తలుపులు ఒక్కసారిగా కాకుండా, మట్టం తగ్గేకొద్దీ ఎక్కువ తెరుచుకుంటాయి, ప్రవాహం చివరిదాకా ఒకేలా ఉంటుంది.

నేనూ సర్వోను మెల్లగా తెరిచేలా పెట్టాను. మొదట సగం, తర్వాత 60 శాతం, 83, చివరికి పూర్తిగా. ఫ్రేములు 92, 88, 84, 168. మొత్తం 1.8 సెకన్లు. చివరి 2 సెం.మీ. నా చేతుల్లో లేదు, తలుపు పూర్తిగా తెరిచే ఉంది, దానికి ఇంకా పెద్ద తలుపు కావాలి, అంటే కోత. వద్దు.

మిగతావి గబగబా:

1. ట్యాంకు అడుగు చదునుగా ఉంటే 90 మి.లీ. లోపలే మిగిలింది. మధ్యలో ఎత్తు చేసి రెండు పక్కలకూ 6 డిగ్రీల వాలు ఇచ్చాక 40.
2. తలుపు సీలుకు మొదట స్పాంజి పట్టీ వాడాను, అది 11 గ్రాముల నీళ్లు తాగింది. సన్న సిలికాన్ ట్యూబు వాడండి.
3. 9 గ్రాముల సర్వో సీలును నొక్కి పట్టలేక గుయ్యిమంటూ వేడెక్కింది. బలమైన సర్వో కంటే మంచి ఉపాయం, మూసుకున్నాక లింకు (సర్వోను తలుపుకు కలిపే కడ్డీ) మధ్యబిందువు దాటి లాక్ అయ్యేలా పెట్టడం. అప్పుడు నీటి బరువు సర్వో మీద పడదు, అదే చిన్న సర్వో సరిపోయింది.

లెక్క: ట్యాంకు, తలుపులు, సర్వోలు కలిపి 204 గ్రాములు, మిగిలింది 56. బకెట్ మీద ఖాళీ చేసినవి 71 సార్లు. కోతలు: 0.

దశ 4: నీళ్లు తోడే గొట్టం, ఒక కోత

అసలు మార్స్‌లో అడుగున మెట్టు (పడవ అడుగు మధ్యలో తెగినట్టుండే అంచు) వెనక రెండు గొట్టాలు కిందకు దిగుతాయి. విమానం నీటి మీద పరిగెడుతుంటే ఆ వేగానికే నీళ్లు గొట్టంలోకి ఎగదన్నుతాయి, పంపు లేదు. సెకనుకు దాదాపు టన్ను.

నేను 6 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న రెండు ఇత్తడి గొట్టాలు తీసుకున్నాను. మోడల్‌ను ఒడ్డుకు లాగే చక్రాలు బిగించడానికి మామయ్య పెట్టిన ఇత్తడి సాకెట్లు ఉన్నాయి, వాటిలోంచే గొట్టాలు లోపలికి తీసుకెళ్లొచ్చని ప్లాను. కుడి పక్క సరిపోయింది. ఎడమ సాకెట్ వెనకాలే ఒక ఫ్రేము (పొట్ట లోపలి అడ్డ చెక్క), గొట్టం వెళ్లే దారి లేదు. ఒక్క గొట్టంతోనే చూద్దామని చెరువు మీద పరిగెత్తించాను. 7 మీటర్ల వేగంలో విమానం కుడికి తిరిగిపోయింది, చుక్కాని పూర్తిగా తిప్పినా ఆగలేదు. నీళ్లను నిలబెట్టి విమానంతో పాటు లాక్కుపోవాలంటే ఆ బలం ఎక్కడినుంచో రావాలిగా, అదంతా ఒక పక్కే లాగుతోంది.

రెండు రోజులు వేరే దారి వెతికాను. చివరికి మామయ్యకు ఫోను.

"అడుగులోనా?" అన్నాడు.

"కాదు మామయ్యా, లోపలి ఫ్రేములో. 8 మి.మీ. రంధ్రం. బయటికి కనబడదు."

కాసేపు మాట్లాడలేదు. "తీసిన ముక్క పారెయ్యకు," అన్నాడు.

అందుకే మామూలు డ్రిల్లు వాడలేదు, అది చెక్కను పొడి చేస్తుంది. సన్న ఇత్తడి ట్యూబు అంచును ఆకురాయితో పదును పెట్టి, చేత్తో తిప్పుతూ కోశాను, బిళ్ల ముక్కలు కాకుండా వచ్చింది. దానికి నంబరు వేసి డబ్బాలో పెట్టాను. కోతలు: 1.

ఇక నిండే సమయం. మొదటిసారి లీటరుకు 6.8 సెకన్లు. గొట్టం లోపల 90 డిగ్రీల ఎల్బో ఉంది, దాన్ని తీసి మెల్లగా వంగే గొట్టం పెడితే 4.6. వంచేటప్పుడు గొట్టం నొక్కుకుపోకుండా లోపల సన్న ఇసుక నింపి రెండు చివరలూ మూసి వంచాను. స్కేలు లెక్కలో 5 సెకన్లకు 1.75 లీటర్లు రావాలి, నాకు 4.6కు లీటరే. సన్న గొట్టంలో రాపిడి ఎక్కువ, దాన్ని స్కేలు చేయలేం. వదిలేశాను.

ఇక్కడ మరో రెండు మాటలు. గొట్టాలు దించగానే ముక్కు కిందకు లాగుతుంది, మోటార్లకు శక్తి పెంచి ఎలివేటర్ (ముక్కును పైకీ కిందకీ తిప్పే తోక పలక) కాస్త పైకి పట్టాలి, రెండూ గొట్టం స్విచ్‌కే మిక్స్ చేశాను. ట్యాంకు నిండాక పొంగే నీళ్లకు దారి కూడా ముందే ఆలోచించుకోండి. నాకు గాలి గొట్టంలోంచి పొంగి సరాసరి స్పీడ్ కంట్రోలర్ మీద పడింది. ఒక మోటారు ఆగింది, కంట్రోలర్ పోయింది. పొంగే గొట్టాన్ని రెక్క వెనక బయటికి తిప్పాను, లిథియం బ్యాటరీని ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టాను.

లెక్క: మొత్తం అమరిక 258 గ్రాములు. నీళ్లతో నిండు బరువు 4.79 కిలోలు, 2 గ్రాములు తక్కువ. నీటి మీద పరుగులు 33. పోయిన కంట్రోలర్లు 1. కోతలు: 1.

దశ 5: గాల్లోకి

మొదటి మూడు ఎగరడాలూ ఖాళీ ట్యాంకుతో. నాలుగోది అర లీటరుతో. అయిదోది నిండుగా, అప్పుడే ఎడమ తలుపు తెరుచుకోలేదు. కుడి పక్క నీళ్లు పోయాయి, ఎడమవి లోపలే ఉన్నాయి, విమానం ఎడమకు ఒరిగింది. మధ్యలో అడ్డుగోడ ఖాళీల్లోంచి నీళ్లు మెల్లగా కుడికి పారాయి కాబట్టి బతికిపోయింది, నాకు మాత్రం ఆ నాలుగు సెకన్లలో తల ప్రాణం తోకకొచ్చింది. రెండు తలుపులకూ రెండు సర్వోలు పెట్టడమే తప్పు. ఒకే కడ్డీకి రెండు తలుపులూ కట్టి, దాన్ని ఒకే సర్వోతో తిప్పేలా మార్చాను. తెరుచుకుంటే రెండూ, లేకపోతే ఏదీ కాదు. బరువు కూడా 7 గ్రాములు తగ్గింది.

నీళ్లు వదలగానే విమానం పైకి ఎగురుతుంది. ఒక్కసారిగా బరువు 4.8 నుంచి 3.8 కిలోలకు పడిపోతోంది, రెక్క మాత్రం అప్పటిదాకా మోస్తున్న బరువుకు సరిపడా లేపుతూనే ఉంది. అంటే ఆ క్షణంలో రెక్క మీద 1.26 రెట్లు భారం. తలుపు స్విచ్‌కే ఎలివేటర్ 3 మి.మీ. కిందకు, 1.5 సెకన్ల పాటు కలిపాను.

నేల మీద నీళ్లు ఎలా పడ్డాయో కొలవడానికి అమెరికా ఫారెస్ట్ సర్వీస్ వాళ్ల పద్ధతే తీసుకున్నాను. వాళ్లు మైదానంలో కప్పులు వరసలుగా పరిచి, పైనుంచి విమానంతో వదిలించి, ఒక్కో కప్పులో ఎంత పడిందో తూస్తారు. నేను 2 మీటర్లకొక వరస, వరసలో 30 సెం.మీ.కొక కప్పు, 12 వరసలు, 108 కప్పులు పెట్టాను. ఒక చక్కటి డ్రాప్, 3 మీటర్ల ఎత్తు నుంచి, నేరుగా వరసల మధ్యలో. 108 కప్పులూ తూచాను. అన్నిట్లోనూ సున్నా. కప్పు మూతి 7 సెం.మీ., నీళ్లు పరుచుకున్నది పదుల మీటర్లు, కప్పులో పడేది గ్రాములో పదో వంతు. నా తూకం గ్రాము కంటే తక్కువ చూపదు. సాయంత్రం పని కాస్తా గంగలో కలిసింది.

మార్చినవి:

1. కప్పుల బదులు 12 × 18 సెం.మీ. ప్లాస్టిక్ ట్రేలు, 0.1 గ్రాము తూకం.
2. లెక్క: ఒక్కో ట్రే 6,000 చదరపు సెం.మీ.కు ప్రతినిధి, ట్రే వైశాల్యం 216. కాబట్టి మొత్తం గ్రాములను 27.8తో గుణించాలి.
3. మొదటి ఫలితం 14 గ్రాములు, అంటే 389 మి.లీ. నీళ్లు ట్రేలో పడి చింది బయటికి పోతున్నాయి.
4. ట్రేలో పాత గుడ్డ ముక్క పరిచి, ముందూ వెనకా తూచాక 30.6 గ్రాములు, 851 మి.లీ.

లోపల మిగిలే 40 పోను, ఇంకా 110 మి.లీ. ఎటు పోయిందో చెప్పలేను, గాలికి కొంత, వరసల మధ్య కొంత అయ్యుండాలి. ఒక్కసారిగా తెరిచినప్పుడు 4, 5, 6 వరసల్లోనే సగం నీళ్లు పడ్డాయి. మెల్లగా తెరిస్తే అదే సగం ఆరు వరసలకు పరుచుకుంది. దశ 3లో పడిన తంటాలకు ఫలితం ఇదే.

ఒక విషయం నన్ను చాలా రోజులు తికమక పెట్టింది. వీడియోలో మార్స్ నీళ్లు వదిలితే తెల్లటి తెరలా విచ్చుకుంటాయి. నాది తాళ్లు తాళ్లుగా, ముద్దలుగా పడుతుంది. తప్పు తలుపులో ఉందనుకుని రెండుసార్లు అంచులు మార్చాను, ఏం లాభం. తప్పు భౌతికశాస్త్రంలోనే ఉంది: నీటి తలతన్యత స్కేలుతో తగ్గదు. నీటి ముద్దను గాలి చీల్చే బలాన్ని, ముద్దను పట్టి ఉంచే బలంతో పోలిస్తే, నా మోడల్ దగ్గర ఆ నిష్పత్తి అసలు విమానంతో పోల్చితే 625 రెట్లు తక్కువ. నీళ్లు విడిపోవు. పెద్ద విమానాలది సరిగ్గా ఎదురు బాధ, నీళ్లు మరీ సన్న తుంపరలై గాలికి పోతాయి, అందుకే మంట నిరోధక ద్రావణంలో చిక్కదనం కోసం గోరుచిక్కుడు జిగురు లాంటివి కలుపుతారు. నాకు కావాల్సింది పల్చన చేయడం, వాళ్లకు కావాల్సింది చిక్కన చేయడం.

లెక్క: ఎగిరినవి 22, గాల్లో నీళ్లు వదిలినవి 14. నిండు బరువు 4.78. కోతలు: 1.

దశ 6: రెక్కలో పగులు

పద్నాలుగో డ్రాప్ తర్వాత రెక్క విప్పి టార్చి వేసి చూశాను. రెండు రెక్కలనూ కలిపే మధ్య నాలుక, 6 మి.మీ. ప్లైవుడ్‌ది, దాని కింది అంచులో వెంట్రుకంత గీత. దశ 1 ఫొటో తీసి పక్కన పెట్టి చూశాను. అప్పుడు లేదు.

ఇది ఊరికే వచ్చింది కాదు. మామయ్య ఎగరేసిన ఏ రోజూ ఆ రెక్క 3.6 కిలోలు దాటి మోసింది లేదు. నేను 4.8 మోయించి, పైగా ప్రతి డ్రాప్‌కూ ఒక కుదుపు ఇచ్చాను.

2002లో అమెరికాలో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. జూన్ 17న కాలిఫోర్నియాలో వాకర్ దగ్గర ఒక సీ-130ఏ విమానం మంట మీద ద్రావణం వదులుతుండగా రెండు రెక్కలూ ఊడిపోయాయి, ముగ్గురు పోయారు. జూలై 18న కొలరాడోలో రెండో ప్రపంచ యుద్ధ కాలపు పీబీ4వై-2 విమానం రెక్క విరిగి ఇద్దరు పోయారు. రెండింట్లోనూ అలసట పగుళ్లే, అంటే భారం మళ్ళీ మళ్ళీ పడి లోహంలో వచ్చే పగుళ్లు. 2004లో ఫారెస్ట్ సర్వీస్ 33 పెద్ద ట్యాంకర్ల కాంట్రాక్టులు రద్దు చేసింది. ఈ విమానాలు అడవుల మీద కిందకు, ఎగుడుదిగుడు గాలిలో, బరువు వేసుకుని వదులుతూ పనిచేయడానికి కట్టినవి కావు. అలాగని ఆ పనే లేకపోతే వాటిలో చాలా ఎప్పుడో కరిగించి ఉండేవాళ్లు, ఇవాళ మ్యూజియంల్లో, ఎయిర్ షోల్లో కనిపించే బీ-17 బాంబర్లలో కొన్ని దశాబ్దాల పాటు మంటలు ఆర్పుతూ బతికినవే.

పగులుకు జిగురు పోసి, కార్బన్ పట్టీ అతికిస్తే గంటలో పని అయిపోయేది. కానీ అతికించింది మళ్ళీ ఊడదు. అందుకే:

1. పాత నాలుకను బయటికి తీశాను, రెండు స్క్రూలే, అదృష్టం.
2. దాని మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిలుతో అచ్చు తీసి, కొత్తది బర్చ్ ప్లైవుడ్‌తో, మధ్యలో 1 మి.మీ. కార్బన్ షీటుతో చేశాను. మందం అదే 6, ఎందుకంటే పాత పెట్టెలోకి దూరాలి. 9 గ్రాములు ఎక్కువ.
3. రెక్క చివరలు రెండు బల్లల మీద ఆనించి మధ్యలో ఇసుక సంచులు పెట్టాను. 4.8 కిలోలకు 2.5 రెట్లు, 12 కిలోల దాకా. మధ్య 21 మి.మీ. వంగింది, తీసేశాక మొత్తం వెనక్కి వచ్చింది.
4. పాత నాలుక, పగుళ్ల వైపు బాణం గుర్తు పెట్టి, డబ్బాలోకి.

ఇక నుంచి ప్రతి 5 డ్రాప్‌లకు ఒకసారి రెక్క విప్పి చూడాలని నియమం పెట్టుకున్నాను. ఈ పరీక్షను ఆదిలోనే చేసి ఉండాల్సింది, ఎగరేశాక కాదు.

లెక్క: 4.79 కిలోలు. కోతలు: 1. డబ్బాలో పాత ముక్కలు: సరుకుల తలుపులు 2, ఫ్రేము బిళ్ల 1, నాలుక 1.

దశ 7: వెనక్కి

మామయ్య వస్తున్నానని చెప్పిన రోజు స్టాప్‌వాచ్ పెట్టాను. ట్యాంకు బయటికి, తలుపు కడ్డీ బయటికి, గొట్టాలు, సాకెట్ల మూతలు, సరుకుల తలుపులు మళ్ళీ చోటికి. ఫ్రేము బిళ్లను కాగితపు గ్యాస్కెట్ చుట్టి వేలితో నొక్కి పెట్టాను, జిగురు లేదు. పాత నాలుక పెట్టలేదు, కొత్తదే ఉంచాను. 52 నిమిషాలు. ఒక స్క్రూ మిగిలింది, 46లో 31వది, అది ఎక్కడిదో ఫొటోలు చూసి పట్టుకోవడానికి ఇంకో పావుగంట. అంటే గంట దాటింది.

మామయ్య చూసి మొదట అడిగింది పేపర్ టేపు లేపిన రంగు గురించి. తర్వాత ట్యాంకును చేతిలోకి తీసుకుని మూలలు వేలితో తడిమి చూశాడు. ఎర్రటి తెల్లటి రంగు వేయమంటావా మంటలార్పే మార్స్‌లాగా అని అడిగాను. అసలువాటిలో మిగిలినవి రెండే. హవాయి మార్స్ 2024 ఆగస్టు 11న చివరిసారి ఎగిరి బ్రిటిష్ కొలంబియా ఏవియేషన్ మ్యూజియం చేరింది, ఎర్ర తెల్ల రంగులతోనే. ఫిలిప్పీన్ మార్స్ నేవీ నీలంలోకి తిరిగి మారి, 2025లో అరిజోనాకు ఎగిరి, అక్కడినుంచి పీమా మ్యూజియానికి వెళ్లింది. ఒకే కుటుంబంలో ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒకరు ఉద్యోగం యూనిఫాంలో, ఒకరు పుట్టింటి చీరలో.

"నీలమే ఉండనీ," అన్నాడు. "ట్యాంకు మాత్రం మళ్ళీ పెట్టు. ఆదివారం చెరువు దగ్గరికి నేనూ వస్తా."

పెట్టాను, 49 నిమిషాలు. కుడి తలుపు సీలు నిమిషానికి నాలుగు చుక్కలు కారుతోంది, సిలికాన్ ట్యూబు మార్చాలి.